స్పెయిను వంటయింటి పొగ
(సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



స్పెయిను దేశ యాత్రను గూర్చి మాటలాడుమని మన కార్యదర్శిగారు నన్ను కోరిరి. విదేశములకు పోయివచ్చినవారి యుపన్యాసములు మనము చాల వినియున్నాము. అక్కడి వీథులు శుభ్రముగా నుండును, రైళ్లు వేళకు వచ్చును, మనవారెప్పుడు నేర్చుకొందురో యను నిట్టూర్పుతో అవి ముగియును. నేనా త్రోవను పోదలచుకొనలేదు. మేము తిరిగినది పది దినములు, చూచినది ఐదు పట్టణములు. ఆ యైదింటను ముఖ్యముగా చేసిన పని భోజనము. కాబట్టి భోజనమును గూర్చియే చెప్పెదను. ఈ సభానంతరమున మనకు విందు కలదు గనుక మీ యాకలికి నా ప్రసంగము కొంత తోడ్పడవచ్చును.

2018వ సంవత్సరము అక్టోబరు మాసమున నేనును నా భార్యయు సొంత సెలవుపై, సొంత సొమ్ముతో పోయితిమి. మన సెలవు ప్రయాణ రాయితీ మాడ్రిడ్ వరకు వర్తింపదని మీకు తెలియును గదా. మేము చేరినది విందు యాత్ర యను పేరుగల యొక చిన్న బృందము. పదునలుగురు యాత్రికులు, ఒక మార్గదర్శకురాలు. ఆమె తోలేదో పట్టణపు స్త్రీ. పూర్వము పాఠశాలలో చరిత్ర బోధించినదట. ఆమెకు రాజుల కథలకంటె కుండల కథలు ఎక్కువ తెలియును.

మేమిద్దరము శాకాహారులము. శాకాహారులు స్పెయినుకు విందు యాత్రకు పోవుట యేమని మీలో కొందరు నవ్వుచున్నారు. నా భార్య కూడ విమానములో అదే ప్రశ్న వేసినది. ద్రాక్షాసవము విషయమున మాత్రము, ప్రవర్తనా నియమావళిలోని 22వ నియమమును మనస్సున నుంచుకొని, విధినిర్వహణలో లేనివాడను గనుక, గుక్కెడు గుక్కెడు రుచి చూచితినని మనవి చేయుచున్నాను.

మొదటిది మాడ్రిడ్. అక్కడి ప్రసిద్ధమైన వంటకము పేరు కొసీదో. పెద్ద కుండలో శనగలు, కూరలు, మాంసపు ముక్కలు, పందికొవ్వు కలిపి గంటల తరబడి ఉడికింతురు. వడ్డించునపుడు మూడు విడతలుగా వడ్డింతురు. ముందు ఆ కుండలోని రసములో సన్నని సేమ్యా వేసి యిత్తురు, తరువాత శనగలును కూరలును, చివరకు మాంసము. మా కది యేదియు పనికిరాలేదు. రొట్టెయు ఆలివు పండ్లును తినుచు కూర్చుంటిమి. అప్పుడు మా మార్గదర్శకురాలు మా కొఱకే యన్నట్లుగా ఆ కుండ కథ చెప్పినది.

1492కు పూర్వము స్పెయినులో యూదులు అనేక శతాబ్దములుగా నివసించుచుండిరి. శనివారము వారికి విశ్రాంతి దినము. ఆనాడు నిప్పు రాజేయరాదు. కావున శుక్రవారము సూర్యాస్తమయమునకు ముందే శనగలు, మాంసము, కూరలు కుండలో వేసి, మూత పెట్టి, నివురుగప్పిన నిప్పులపై నుంచి, మరునాటి మధ్యాహ్నము వేడిగా తినెడివారు. దానిని అదఫీనా యనిరి. 1492 మార్చి 31వ తేదీన రాజదంపతులైన ఫెర్డినాండు, ఇసబెల్లాలు శాసనము చేసిరి. యూదులు క్రైస్తవమతమునైన స్వీకరింపవలెను, లేదా దేశము విడిచిపోవలెను. పోయినవారు పోయిరి. నిలిచినవారు మతము మార్చుకొనిరి. అయితే కుండ మారలేదు. దానిలో పందికొవ్వు మాత్రము వచ్చి పడినది. నేటి కొసీదో అట్లు పుట్టినదని అక్కడి పలువురు పండితుల యభిప్రాయము. పందికొవ్వు రుచి కొఱకు పడినదా, పొరుగువారు చూచుట కొఱకు పడినదా యని ఆమె మమ్ముల నడిగి, జవాబు చెప్పకయే శనగలు వడ్డించుకొన్నది.

మరునాడు ఆమె సొంత యూరైన తోలేదోకు పోయితిమి. టాగసు నది మూడువైపుల చుట్టిన కొండపై నున్న పాతపట్టణము. బాదముపప్పు, పంచదార కలిపి నూరి చేసిన మార్జిపాను అక్కడి మిఠాయి. మన బాదము బర్ఫీకి అక్కచెల్లెలివలె నుండును. నా భార్య దానిని చూచి, “ఏమండీ, ఇంతదూరం వచ్చింది బాదం బర్ఫీ తినడానికా” అన్నది. అనుచునే మూడు ముక్కలు తిన్నది.

ఆ సందులలో ఒకచోట నిలిచి మా మార్గదర్శకురాలు ఇండ్ల కప్పులపై నున్న పొగగొట్టములను చూపినది. ఇంక్విజిషను అను మతవిచారణ న్యాయస్థానము స్పెయినులో 1478లో ఏర్పడి 1834లో రద్దయినది. మతము మార్చుకొన్నవారు లోలోపల పాత మతమునే పాటించుచున్నారేమో కనిపెట్టుట దాని ముఖ్యమైన పని. మనస్సులోనిది కనిపెట్టుట ఎట్లు? వంటయింటిని చూచియే. శనివారము ఏ యింటి పొగగొట్టమునుండి పొగ రాలేదు, ఎవరు పందిమాంసము తినరు, ఎవరు శుక్రవారము సాయంకాలమే వంట ముగింతురు, శనివారము ఎవరు ఉతికిన చొక్కా తొడుగుదురు అను గుర్తులను ప్రకటనలుగా వ్రాసి చర్చీలలో చదివెడివారు. వినినవారు తమకు తెలిసినది వచ్చి చెప్పవలెను. పొరుగువారు చెప్పిరి, పనిమనుషులు చెప్పిరి, ఒక్కొక్కప్పుడు బంధువులే చెప్పిరి. ఆ కాలపు చరిత్రకారుడును మతగురువును అయిన బెర్నాల్దెసు, యూదులు కొవ్వుకు బదులు నూనెతో వండుదురనియు, వారి యిండ్లు ఆ వాసన కొట్టుచుండుననియు అసహ్యముతో వ్రాసినాడు.

ఆ నూనె ఆలివు నూనె. నేడు ప్రపంచములో ఆలివు నూనె నెక్కువగా ఉత్పత్తి చేయు దేశము స్పెయినే. మేము దక్షిణమునకు పోవునపుడు హాయెన్ ప్రాంతములో గంటసేపు కిటికీలోనుండి ఆలివు చెట్లు తప్ప వేరొకటి కనబడలేదు. ఒకనాడు మనిషిని పట్టియిచ్చిన వాసన నేడు ఆ దేశపు ప్రతి యింటిలో, ప్రతి పూట వచ్చుచున్నది.

ఆ సందులో నిలిచియున్నప్పుడు నాకు వేరొక మెట్లదారి జ్ఞాపకము వచ్చినది. మీతో చెప్పవలెనా వద్దా యని కొంత ఆలోచించితిని. చెప్పెదను.

2009లో నేను కొత్తగా ఢిల్లీకి వచ్చితిని. ప్రభుత్వపు క్వార్టరు వచ్చుటకు కాలము పట్టును గనుక అద్దె యింటికై వెదకుచుంటిమి. నాతో ఒకే దినమున ఉద్యోగములో చేరిన ఒక తెలుగు మిత్రుడు కూడ ఇల్లు వెదకుచుండెను. ఒక ఆదివారము ఇద్దరము కలిసి పోయి ఒక మేడ చూచితిమి. పై అంతస్తున రెండు వాటాలు ఖాళీగా నుండెను. ఇంటి యజమాని మా జీతమడుగలేదు, ఏ శాఖయో అడుగలేదు. ఇంటిలో ఏమి వండుదురని మాత్రమడిగెను. నేను మా సంగతి చెప్పితిని. ఆయన ముఖము వికసించెను. నా మిత్రుడు అబద్ధ మాడలేదు. ఆదివారములందు మాంసము వండుకొందుమని చెప్పెను. యజమాని చాల మర్యాదగా, రెండవ వాటా బంధువులకు మాట యిచ్చితిమని అప్పుడే జ్ఞాపకము వచ్చినదని చెప్పెను. నా మిత్రుడు నమస్కారము చేసి మెట్లు దిగిపోయెను. నేను పైననే యుండి అడ్వాన్సు లెక్కపెట్టితిని. ఒక్క మాటయు అనలేదు. అప్పుడు నాకు సిగ్గు కూడ కలుగలేదు. ఇల్లు దొరకినదను సంతోషమే కలిగినది. తొమ్మిది సంవత్సరములకు తరువాత, తోలేదోలో, పరాయివారి పొగగొట్టములు చూచుచు సిగ్గుపడితిని. ఇక్కడి మేడకును అక్కడి చితులకును పోలిక తెచ్చుట లేదు. అట్లు తెచ్చినచో అక్కడ కాలినవారికి అన్యాయము చేసినవాడనగుదును. ప్రశ్న మాత్రము ఒకటే ప్రశ్న.

సరే, ముందుకు పోదము. కోర్దోబాలో మా అదృష్టము పండినది. అక్కడ మొదట వచ్చిన పళ్లెములో మన వంకాయ యుండెను! పలుచని చక్రములుగా కోసి, పిండిలో దొర్లించి, ఆలివు నూనెలో కరకరలాడునట్లు వేయించి, పైన చెరకుపాకము ధారగా పోసినారు. వంకాయకు పాకమేమని సంశయించితిమి గాని, రెండవ పళ్లెము తెప్పించితిమి. స్పానిషు భాషలో వంకాయను బెరెన్‌హేనా యందురు. ఆ మాట ప్రయాణము వినదగినది. సంస్కృతములోని వాతింగణ శబ్దము పారసీకమునకు పోయి బాదింగాన్ అయినది. అరబ్బులు దానికి తమ ఉపపదము చేర్చి అల్‌బాదిన్‌జాన్ అనిరి. స్పెయినులో బెరెన్‌హేనా, పోర్చుగలులో బెరింజేలా అయినది. ఆ పోర్చుగీసు మాటయే ఓడనెక్కి తిరిగి మన రేవులకు వచ్చి, మన యింగ్లీషులో బ్రింజాల్ అయి కూర్చున్నది. శర్కర అసూకర్ అయినది. నారంగము నరాంహా అయినది. చెరకును, నారింజను, వరిని, వంకాయను ఆ నేలలో పాదుకొల్పినవారు 711 తరువాత అక్కడికి వచ్చి యేలిన ముస్లిములు.

వంకాయకు కూడ ఆ దేశములో మతము అంటగట్టబడినది. ముస్లిములును యూదులును దానిని మక్కువతో తినెడివారు గనుక అది అనుమానపు కూర యైనది. సెర్వాంటెసు తన డాన్ క్విక్సోటు గ్రంథమును సీదె హమేతె బెనెన్‌హేలి యను అరబ్బు చరిత్రకారుడు వ్రాసినట్లు చమత్కరించెను గదా. రెండవ భాగమున సాంకో పాంజా ఆ పేరు నోరు తిరుగక అతనిని వంకాయగారిని చేసివేయును. ఆ జాతివారికి వంకాయ ప్రీతి గదా యని సమర్థించుకొనును. బి.ఏ. చదువునాడు నేనీ చోటు చదివి నవ్వితిని గాని, హాస్యములోని ముల్లు తెలియలేదు.

కోర్దోబానుండి హెరేస్ పోయితిమి. షెర్రీ యను ద్రాక్షాసవమునకు జన్మస్థానము. అరబ్బులు ఆ యూరిని షెరీష్ అనిరి. ఆ పేరే ఆంగ్లేయుల నోట షెర్రీ అయినది. షేక్‌స్పియరు నాటకములో ఫాల్‌స్టాఫు అంతగా పొగడిన శాక్ అను పానీయము ఈ కుటుంబములోనిదే. 1587లో డ్రేకు కాదిసు రేవుపై పడి సుమారు 2,900 పీపాలు ఎత్తుకొనిపోయెనట.

హెరేస్ వారు చెప్పుకొను కథ యొకటి మన సచివాలయమునకు తగినది. 966లో కోర్దోబా ఖలీఫా రెండవ అల్ హకము మద్యనిషేధమును పాటింపజేయుటకై ద్రాక్షతోటలు పెరికివేయవలెనని ఉత్తరువు చేసెను. హెరేస్ రైతులు ఉత్తరువును ధిక్కరింపలేదు. వినతిపత్రము పంపుకొనిరి. మా ద్రాక్ష మద్యమునకు కాదు, యుద్ధమునకు పోవు సైనికులకు ఎండుద్రాక్ష కొఱకు అని. ఖలీఫా అంగీకరించి, మూడవ వంతు మాత్రము పెరికివేయుడని ఉత్తరువును సవరించెనట. మూడవ వంతు! ఆ ఫైలును నడిపిన గుమాస్తా యెవరో గాని, అతనికి దూరమునుండి నమస్కరించితిని.

షెర్రీ తయారగు విధము మీకు చెప్పవలెను. అక్కడి నేల సున్నపు తెలుపు. వానకాలములో నీటిని పీల్చుకొని, ఎండకాలమునకు పైన గట్టిపడి, లోపలి తేమను కాపాడును. అందు పండిన పలొమీనో ద్రాక్షరసము పులిసిన తరువాత నల్లని ఓకు పీపాలలో పోయుదురు. పీపాను నిండుగా నింపరు. పైన గాలికి చోటు విడుతురు. అక్కడ తెల్లని మీగడవంటి పొర యేర్పడును. దానిని పువ్వు అని పిలుతురు. నిజమునకది పులియబెట్టు సూక్ష్మజీవుల పొర. అదియే క్రింది ద్రవమును గాలినుండి కాపాడును. పీపాలను వరుసపై వరుసగా పేర్చుదురు. సీసాలలో నింపుటకు అన్నిటికంటె క్రింది వరుసనుండి కొంచెము తీయుదురు. ఎంత తీసిరో అంత పై వరుసనుండి దానిలో పోయుదురు. దానిలోని లోటును ఇంకను పైదానినుండి పూరింతురు. కొత్తది పై వరుసలో చేరును. నేలనంటిన ఆ క్రింది వరుస పేరు సొలేరా. ఏ పీపాయు ఎన్నడును పూర్తిగా ఖాళీ కాదు. కావున ఈ సీసాలోనిది ఏ సంవత్సరపుదని అడిగిన అక్కడివారు చెప్పలేరు. మొదటివాడు పోసిన చుక్క కొంత అందులో ఉండియే యుండును.

నాకు వారు ఫీనో అను పలుచని రకము ఇచ్చిరి. గడ్డిరంగు. నాలుకపై ఉప్పుగాలి, పచ్చి బాదము. తియ్యదనము లేదు. నిజము చెప్పవలెనన్న మొదటి గుక్క నచ్చలేదు, మూడవది నచ్చినది, నాలుగవది నా భార్య పోనీయలేదు. ఆసవమును తేర్చుటకు పూర్వము గ్రుడ్ల తెల్లసొన వాడెడివారట. మిగిలిన పచ్చసొనను సన్యాసినుల మఠములకు పంపగా, వారు దానితో మిఠాయిలు చేయ నారంభించిరట. ఆండలూసియా మఠములలో ఇప్పటికిని గోడలోని తిరుగుడు బల్లపై డబ్బుంచిన, లోపలి మనిషి కనబడకయే మిఠాయి పొట్లము తిరిగి వచ్చును.

మిరపకాయను గూర్చి ఒక్కమాట. గుంటూరు మిత్రులు కోపగింపరాదు. మిరప మనది కాదు, స్పెయినుదియు కాదు. అమెరికాలో పుట్టి, కొలంబసు ప్రయాణముల వెంబడి స్పెయినుకు చేరినది. పోర్చుగీసు నావికుల మూలమున మనకు వచ్చినది. స్పెయినులోని లా వేరా ప్రాంతమున ఓకు కట్టెల పొగలో సుమారు రెండు వారములు ఆరబెట్టి ఎఱ్ఱని పొడి చేయుదురు. మేమొక డబ్బా తెచ్చితిమి. పప్పులో తిరగమోతకు వేసిన యజ్ఞశాలలో భోజనము చేసినట్లుండెను.

చివరిది వాలెన్సియా. అక్కడికి పోవు రైలులో మా మార్గదర్శకురాలు మరల డాన్ క్విక్సోటును తీసినది. ముస్లిములుగా నుండి క్రైస్తవులుగా మార్చబడిన మోరిస్కో జనులను 1609నుండి 1614 వరకు స్పెయిను రాజు వెళ్లగొట్టెను. సుమారు 3 లక్షలమంది. వాలెన్సియా రాజ్యములో జనులలో మూడవ వంతు వారే గనుక మొదట అక్కడినుండియే ఓడలెక్కించిరి. ఆ వెంటనే, 1615లో, సెర్వాంటెసు రెండవ భాగము వెలువరించెను. అందు రికోతె యను మోరిస్కో దుకాణదారుడు, సాంకో పాంజాకు పొరుగువాడు, మారువేషముతో తిరిగి వచ్చి దారిలో సాంకోకు కనబడును. ఇద్దరును యాత్రికులతో కలిసి గడ్డిపై కూర్చుండి రొట్టె, జున్ను, ఆలివులు తిందురు. తోలుతిత్తులు ఎత్తి ద్రాక్షాసవము త్రాగుదురు. పిదప రికోతె తన కష్టము చెప్పుకొనును, దాచిన ధనము త్రవ్వుటకు సాయమడుగును. సాంకో అప్పుడే గవర్నరు పదవి వదలివచ్చుచున్నవాడు. రాజద్రోహమునకు వెరచి సాయము చేయడు. అయినను అతనిని పట్టియియ్యడు. కలిసి భుజించి విడిపోవును. ఆ ప్రకరణము 54వది. ఇంటికి వచ్చిన తరువాత తీసి మరల చదివితిని.

వెళ్లగొట్టబడినవారి కాలువలు మాత్రము వాలెన్సియాలో నిలిచినవి. ప్రతి గురువారము మధ్యాహ్నము పండ్రెండు గంటలకు పెద్ద చర్చి ద్వారమువద్ద నల్లని అంగీలు తొడిగిన రైతులు అర్ధచంద్రాకారముగా కూర్చుండి, ఎనిమిది కాలువల నీటి తగవులు తీర్చుదురు. అరబ్బు కాలపు ఆచారమని వారి విశ్వాసము. 2009లో యునెస్కో దానిని మానవాళి వారసత్వములో చేర్చినది. వాదము నోటిమాట, విచారణ నోటిమాట. వకీలు లేడు, ఫైలు లేదు. ఇరువది నిమిషములు చూచి నేను మా మార్గదర్శకురాలితో, “మా శాఖవారు దీనిని చూచిన నిద్రపోరు” అంటిని.

ఆల్బుఫేరా సరస్సు చుట్టును వరి పండును. ఆ బియ్యముతో చేయునదే పయేయా. వెడల్పైన లోతులేని యినుప పెనము పేరది. దానినిబట్టి వంటకు పేరు. నారింజ కట్టెల మంటపై కుంకుమపువ్వుతో వండుదురు. అడుగున అంటుకొన్న మాడును వారు సొకర్రాత్ అని పిలిచి దానికై పోటీపడుదురు. మా అమ్మమ్మ అన్నము మాడ్చినదని తాతగారిచే చీవాట్లు తిన్న సంగతి తలచుకొని జాలిపడితిని. మా కొఱకు చిక్కుడు, ఆర్టిచోకు వేసి వేరుగా వండిరి. పల్లెలలో పళ్లెములుండవు. పెనమును నడుమ నుంచి, చుట్టును కూర్చుండి, చెక్క గరిటెలతో ఎవరి యెదుటిది వారు తినుచు లోపలికి పోవుదురు. పొరుగువాని వాటాలోనికి గరిటె పోరాదు. మా పెనమునకు మేమిద్దరమే కదా యనుకొంటిమి. మా మార్గదర్శకురాలు తన కుందేటి మాంసపు పెనము విడిచి, గరిటె తీసుకొని వచ్చి మా పెనమువద్ద కూర్చున్నది.

తిరిగివచ్చిన మాసములోనే నా మిత్రుని యింటికి పోయితిమి. అతడు ఈ సభలోనే యున్నాడు. పేరు చెప్పను. వారు మాకై గుత్తివంకాయ వండిరి. భోజనము మధ్యలో ఆ ఆదివారపు సంగతి ఎత్తి, నేనప్పుడు మాటలాడక తప్పు చేసితినంటిని. అతడు వడ్డన ఆపి కొంతసేపు నావైపు చూచెను.

“ఆ ఇంటికి వేసవిలో నీళ్లు రావని తరువాత తెలిసింది కదండీ” అన్నాడు. “మూడేళ్లు బకెట్లు మోసింది మీరే. ఇంకొక కాయ వేసుకోండి.”